పోయిన ప్యాకెట్ దేనివల్ల పోయినట్లు?

1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, దానికి కూతవేటు దూరంలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బర్క్‌లీ ప్రాంగణానికీ మధ్య ఉన్న నెట్‌వర్క్ దాదాపు స్తంభించిపోయింది. సెకనుకు 32 వేల బిట్లు మోసే దారి 40 బిట్ల దగ్గర ఈడ్చుకుంటూ నడిచింది. దారిలోని యంత్రాలు తట్టుకోలేనంత సమాచారం వచ్చిపడడంతో అవి ప్యాకెట్లను, అంటే సమాచారాన్ని విడగొట్టి పంపే చిన్న చిన్న పొట్లాలను, వదిలేశాయి. అందలేదని గమనించిన కంప్యూటర్లన్నీ వాటినే మళ్లీ పంపడంతో రద్దీ ఇంకా పెరిగింది. దీన్ని పరిశీలించిన ఆ ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం నేటికీ ఇంటర్నెట్టుకు ప్రాణాధారం. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని భావించి, పంపేవారు వేగాన్ని బాగా తగ్గించుకోవాలి. ఆపైన కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

తీగల మీద ఈ ఊహ చక్కగా సరిపోయింది, ఎందుకంటే తీగలో ప్యాకెట్ చెడిపోవడం బహు అరుదు. రేడియో తరంగాల మీద అలా కాదు. గోడ అడ్డు వచ్చినా, మనిషి పరికరంతో పక్కగదిలోకి నడిచినా, మరో పరికరం అదే పౌనఃపున్యంలో ప్రసారం చేసినా ప్యాకెట్ చెడిపోతుంది. దారి ఖాళీగానే ఉంటుంది, కానీ ఎక్కడో ఉన్న సర్వర్ మాత్రం రద్దీ అనుకొని వేగాన్ని సగానికి దించుకుంటుంది. కోలుకునేలోగా మరో ప్యాకెట్ పోతే మళ్లీ సగం. జ్వరం ఒకటే అయినా జబ్బులు వేరైనప్పుడు అందరికీ ఒకే మందు ఇచ్చినట్లుగా ఉంటుంది ఈ వ్యవహారం.

ఈ చిక్కును పట్టించుకున్నవారిలో ముఖ్యుడు హరి బాలకృష్ణన్. 1993లో మద్రాసు ఐఐటీలో పట్టా పొంది, ఆ బర్క్‌లీలోనే ర్యాండీ కాట్జ్ వద్ద పరిశోధక విద్యార్థిగా చేరిన ఆయన, 1995లో సహచరులతో కలిసి ‘స్నూప్’ అనే పద్ధతిని వెలువరించారు. అది పనిచేసే తీరు దగ్గరగా చూడదగినది. సర్వర్ నుంచి ల్యాప్‌టాప్‌కు వెళ్లే అయిదో ప్యాకెట్ గాలిలో పోయిందనుకుందాం. ఆరోది అందగానే ల్యాప్‌టాప్ ‘నాలుగు వరకు అందాయి’ అని రసీదు పంపుతుంది; ఏడోది, ఎనిమిదోది అందినప్పుడూ అదే మాట. ఒకే రసీదు ఇలా మూడుసార్లు తిరిగి వస్తే సర్వర్ వేగం తగ్గించుకుంటుంది. అయితే తీగలకూ గాలికీ మధ్యనున్న బేస్ స్టేషన్‌లో స్నూప్ ప్రతి ప్యాకెట్ నకలునూ దాచుకొని ఉంటుంది. అదే రసీదు మొదటిసారి తిరిగి కనబడగానే అయిదో ప్యాకెట్‌ను తానే తిరిగి పంపి, ఆ రసీదులు సర్వర్ దాకా పోకుండా ఆపేస్తుంది. గాలిలో జరిగిన నష్టం సంగతి సర్వర్‌కు తెలియనే తెలియదు. లోపాలు ఎక్కువగా ఉన్న లంకె మీద మామూలు పద్ధతి కన్నా 20 రెట్ల దాకా వేగం సాధించినట్లు ఆ పరిశోధకులు చూపారు. ప్రపంచంలోని ఏ ఒక్క సర్వర్‌నూ మార్చనక్కరలేకపోవడం ఇందులోని నేర్పు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. రసీదులను చదవగలిగితేనే స్నూప్ పనిచేస్తుంది కాబట్టి, ఆ వివరాలుండే ప్యాకెట్ శీర్షికలను (హెడర్లను) కూడా గుప్తలిపిలోకి మార్చితే దాని కళ్లకు గంతలు కట్టినట్లే. పైగా ల్యాప్‌టాపే పంపేటప్పుడు, గాలిలో పోయిన ప్యాకెట్ నకలు బేస్ స్టేషన్‌కు ఎలాగూ దొరకదు. నా దృష్టిలో ఆ పరిశోధనలో చికిత్స కన్నా రోగనిర్ధారణే విలువైనది. లక్షణం ఒకటైనప్పుడు దాని కారణాన్ని ఎలా విడదీయాలన్న ప్రశ్న ఆయన తరువాతి పనుల్లోనూ కనిపిస్తుంది.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 2000లో ప్రకటించిన ‘క్రికెట్’, జీపీఎస్ అందని భవనాల లోపల స్థానాన్ని తెలుసుకునే వ్యవస్థ. పైకప్పుకు అమర్చిన చిన్న పరికరం రేడియో సంకేతాన్నీ, మనకు వినపడని అతిధ్వనినీ ఒకేసారి పంపుతుంది. మన దగ్గరున్న పరికరానికి రేడియో తక్షణం చేరుతుంది; ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో వస్తుంది. రెండింటి మధ్య ఎడం సెకనులో వందో వంతైతే దూరం దాదాపు 3.4 మీటర్లు. అయితే గోడకు తగిలి తిరిగొచ్చిన ధ్వనినీ, మరో పరికరం నుంచి వచ్చిన ధ్వనినీ వేరుచేయకపోతే ఈ లెక్క అంతా తప్పుతుంది.

2008 నాటి ‘పాత్‌హోల్ పెట్రోల్’ మరింత ముచ్చటైనది. బోస్టన్ ప్రాంతంలో 7 టాక్సీలకు జీపీఎస్‌నూ, కుదుపులను కొలిచే యాక్సిలరోమీటర్‌నూ అమర్చి, రోడ్డు గుంతలను వాటంతట అవే పట్టుకునేలా చేశారు. కుదుపును కొలవడం తేలికే. అది గుంతేనని తేల్చడమే కష్టం. బండి ఆగి ఉన్నప్పుడు తలుపు ధడాలున వేసినా కుదుపే కనుక, వేగం లేనప్పటి కొలతలను ముందే తీసేశారు. రైలు పట్టాలు దాటేటప్పుడూ, వంతెన అతుకుల మీదా రెండు వైపుల చక్రాలూ ఒకేసారి ఎగురుతాయి. గుంతలో మాత్రం సాధారణంగా ఒక వైపు చక్రమే దిగుతుంది కాబట్టి, నిలువు కుదుపుతో పాటు బండి పక్కకు కూడా ఊగుతుంది. ఆ ఊపును బట్టి గుంతను గుర్తుపట్టారు. (రోడ్డు వెడల్పంతా పరుచుకున్న గుంత ఈ వడపోతకు రైలు పట్టాలాగే కనిపిస్తుంది, అలాంటి రోడ్లు ఎక్కడుంటాయో పాఠకులకు చెప్పనక్కరలేదు.) వేగంగా పోయే బండికి చిన్న ఎత్తుపల్లమూ పెద్దగా తగులుతుంది కనుక వేగాన్ని బట్టి కొలబద్దను మార్చారు. అప్పటికీ ఒకసారి కుదిపితే చాలదు. అదే చోట మళ్లీ మళ్లీ నమోదైతేనే లెక్కలోకి తీసుకున్నారు. అలా తేలిన చోట్లను స్వయంగా వెళ్లి పరిశీలిస్తే, 90 శాతానికి పైగా మరమ్మతు అవసరమైనవేనని తేలింది.

ఈ పనులకు గుర్తింపుగా ఆయనకు 2020లో ఇన్ఫోసిస్ బహుమతి, 2023లో మార్కోనీ బహుమతి లభించాయి. సహచరులతో కలిసి 2010లో ఆయన నెలకొల్పిన కేంబ్రిడ్జ్ మొబైల్ టెలిమాటిక్స్ సంస్థ, ఫోన్ల ద్వారా డ్రైవింగ్ తీరును కొలిచి బీమా కంపెనీలకు అందిస్తుంది. ఇక్కడ చిక్కు మరింత ముదిరింది. టాక్సీలో బిగించిన పరికరానికి ఏది పైనో ఏది కిందో ముందే తెలుసు. జేబులోనో సీటు మీదో పడి ఉన్న ఫోన్‌కు అది తెలియదు. గురుత్వాకర్షణ దిశను బట్టి నిలువును, బండి వేగం మారే తీరును బట్టి ముందువెనుకలను లెక్కగట్టుకోవాలి. ఆ తరువాత కూడా గట్టిగా వేసిన బ్రేకూ, సీటు మీంచి జారిపడిన ఫోనూ దాదాపు ఒకే రకమైన గీతను గీస్తాయి. ఆ సంస్థ కారు అద్దానికి అంటించే, కదలికలను కొలిచే చిన్న ట్యాగ్‌ను కూడా తయారుచేసింది. అది బండితో పాటే కదులుతుంది తప్ప విడిగా కదలదు గనుక, అది నిలకడగా ఉండగా ఫోన్ ఒక్కటే ఎగిరిపడిందంటే అక్కడ బ్రేకు పడలేదని చెప్పవచ్చు.