ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైము) పెరిగినప్పుడు మద్యం: అపోహలు - వాస్తవాలు

అపోహ: బీరే కదా, ఏం కాదు.

లివర్‌కు సీసా మీది పేరుతో పనిలేదు. అందులో ఎన్ని గ్రాముల ఆల్కహాలుందన్నదే దాని లెక్క. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. తాగితే లోపలికి పోయేది 52 మి.లీ. ఆల్కహాలు. దాన్ని 0.8తో గుణిస్తే సుమారు 42 గ్రాములు. 42.8 శాతం విస్కీ ఒక లార్జ్, అంటే 60 మి.లీ., 20 గ్రాములే. ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు లార్జులన్నమాట! క్వార్టర్ దాదాపు 60 గ్రాములు. ఎంజైములు ఎందుకు పెరిగాయో తేలేదాకా చుక్క కూడా వద్దు.

అపోహ: టెస్టుకు రెండు రోజుల ముందు మానేస్తే రిపోర్టు బాగుంటుంది.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైములు కాస్త దిగొచ్చు. మరో లివర్ ఎంజైము జీజీటీ దిగడానికి వారాలు, ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు మించితే డాక్టరు అనుమానం ముందు తాగుడు మీదికే పోతుంది. నిజం చెప్పేస్తే అనవసరపు టెస్టుల ఖర్చయినా మిగులుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు పూర్తిగా మానేసి మళ్లీ చేయించండి.

అపోహ: నార్మల్ వచ్చింది, ఇక తాగొచ్చు.

సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) ముదిరాక రక్తంలోకి ఎంజైములు వదలడానికి కణాలే పెద్దగా మిగలవు. అంకె మామూలుగానే కనిపిస్తుంది. అందుకే బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే టెస్టు), ప్లేట్‌లెట్లు కూడా చూడాలి.

మంచింగ్ దండిగా తింటే మత్తు నెమ్మదిగా ఎక్కుతుందంతే, గ్రాములు తగ్గవు. లివర్ టానిక్కో పసరో వేసుకుంటూ తాగడమూ అంతే. పైగా కొన్ని పసర్లు లివర్‌నే దెబ్బతీస్తాయి.

అపోహ: తలనొప్పికి పారాసిటమాల్ ఎన్నయినా వేసుకోవచ్చు.

రోజూ తాగేవాళ్లలో ఆ మాత్ర నుంచి విషపదార్థం ఎక్కువ తయారవుతుంది, దాన్ని విరిచే గ్లూటాథయోన్ నిల్వ తక్కువ. రోజుకు 2 గ్రాములు దాటొద్దు. 650 మాత్రలైతే మూడు. లివర్ బాగా చెడినవాళ్లు డాక్టరును అడగకుండా ఒక్కటీ వేసుకోవద్దు.

అపోహ: రిపోర్టు చూసిన రోజే ఇంట్లో కూర్చుని మానేయాలి.

అప్పుడప్పుడూ తాగేవాళ్లకు ఇది సరే. రోజూ గట్టిగా తాగేవాళ్లకు ప్రమాదం: ఒక రోజులోపే చేతుల వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి మాట్లాడటం. ఆసుపత్రిలోనే మాన్పించాలి. నీరసమని గ్లూకోజు సీసా ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. లేకపోతే మెదడు దెబ్బతిని చూపు రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది. ఆ తూలడం చూసి, మళ్లీ తాగొచ్చాడనుకుని ఇంట్లోవాళ్లు పడుకోబెట్టేస్తుంటారు.