హైడ్రోజన్ పచ్చదనానికి తూకం ఎక్కడ, గడియారం ఎవరిది?

ట్యాంకులోకి ఎక్కిన హైడ్రోజన్‌కు పుట్టుమచ్చలు ఉండవు. సహజవాయువు నుంచి తీసినా, ఎండతో పుట్టిన కరెంటు పెట్టి నీటిని విడగొట్టి తీసినా అణువు ఒకటే. ల్యాబ్‌లో పరీక్షిస్తే స్వచ్ఛత తెలుస్తుంది. తయారీలో ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిందో మాత్రం తెలియదు. కాబట్టి కొనేవాడు ఎక్కువ ధర ఇచ్చేది గ్యాసుకు కాదు, దాని వెంట వచ్చే కాగితానికి. ఆ కాగితం మీద లెక్క ఎలా వేయాలన్నదే దేశాల మధ్య ఇన్నేళ్లుగా తెగని పంచాయితీ.

చాలాకాలం ఈ ప్రశ్నే రాలేదు. రిఫైనరీలు, ఎరువుల ఫ్యాక్టరీలు హైడ్రోజన్‌ను తమ గోడల లోపలే తయారుచేసుకుని అక్కడే వాడేసేవి. 2003 నవంబరులో వాషింగ్టన్‌లో హైడ్రోజన్ కోసం ఐపీహెచ్‌ఈ అనే ప్రభుత్వాల వేదిక ఏర్పడింది. మొదటి సభ్యదేశాల్లో భారత్ కూడా ఉంది. అప్పట్లో అందరి ధ్యాస హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించుకుని నడిచే ఫ్యూయల్ సెల్ కార్ల మీదే. సరుకుగా ఓడెక్కే హైడ్రోజన్ ఎవరి ఊహలోనూ పెద్దగా లేదు.

లెక్కకు తొలి గీత గీసింది యూరప్‌లో 2014లో మొదలైన సర్టిఫ్‌హై ప్రాజెక్టు. సహజవాయువు నుంచి తీసే హైడ్రోజన్‌కు మెగాజౌల్‌కు 91 గ్రాముల ఉద్గారాలని లెక్క కట్టి, అందులో 60 శాతం తగ్గితేనే మంచి సరుకని తేల్చారు. అంటే పరిమితి 36.4 గ్రాములు. కిలో హైడ్రోజన్‌లో 120 మెగాజౌళ్లు ఉంటాయి కనుక కిలోకు దాదాపు 4.4 కిలోల ఉద్గారాలు. ఇక్కడే ఒక చిక్కుంది. ఆ 120 అనేది కింది ఉష్ణ విలువ, అంటే మండినప్పుడు పుట్టే ఆవిరిలోని వేడిని వదిలేసి కట్టేది. ఆ వేడినీ కలిపే పై ఉష్ణ విలువ తీసుకుంటే దాదాపు 142. ఒప్పందంలో ఏ విలువో రాయకుండా గ్రాములు మాత్రమే రాసుకుంటే, అదే సరుకు మీద 18 శాతం తేడా దానంతట అదే పుట్టుకొస్తుంది.

ఓడలు కదిలాకే విషయం వ్యాపార వివాదంగా మారింది. 2020 సెప్టెంబరులో సౌదీ అరేబియా నుంచి 40 టన్నుల ‘బ్లూ’ అమ్మోనియా (హైడ్రోజన్‌తో చేసేది, తయారీలో వెలువడే కార్బన్‌ను పట్టి దాచింది) జపాన్‌కు వెళ్లింది. 2022లో సూయిసో ఫ్రాంటియర్ అనే నౌక ఆస్ట్రేలియా లిగ్నైట్ బొగ్గు నుంచి తీసిన ద్రవ హైడ్రోజన్‌ను కోబే రేవుకు చేర్చింది. కార్బన్‌ను గాలికొదిలేస్తే గ్రే, పట్టి దాచితే బ్లూ, పునరుత్పాదక కరెంటుతో తీస్తే గ్రీన్ అని రంగులు చెప్పుకుంటే ఇక సరిపోలేదు. బ్లూ అన్నా అందులో ఎంత కార్బన్‌ను పట్టి దాచారు, గ్యాస్ బావి దగ్గర ఎంత మీథేన్ లీకైంది అన్నదాన్ని బట్టి అంకె ఎంతో మారిపోతుంది.

దాంతో ఎవరి గీత వాళ్లు గీసుకున్నారు. కిలో హైడ్రోజన్‌కు చైనా పరిశ్రమ కూటమి 2020 చివర్లో 4.9 కిలోలంది. బ్రిటన్ 2022లో మెగాజౌల్‌కు 20 గ్రాములు, అంటే 2.4 కిలోలు పెట్టింది. అమెరికా పన్ను రాయితీ 4 కిలోల దగ్గర మొదలవుతుంది. కిలోకు 3 డాలర్ల పూర్తి రాయితీ కావాలంటే 0.45 కిలో లోపు ఉండాలి. యూరోపియన్ యూనియన్ 2023లో 28.2 గ్రాములు, అంటే 3.4 కిలోలంది. దక్షిణ కొరియా 4, జపాన్ 3.4. భారత్ 2023 ఆగస్టులో 2 కిలోలుగా ప్రకటించింది.

ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి ‘మనదే కఠినం’ అని మురిసిపోవడం తొందరపాటు. మన 2 కిలోలు ఫ్యాక్టరీ గేటు దగ్గరి తూకం. నీటి శుద్ధి, ఎలక్ట్రోలిసిస్ (కరెంటుతో నీటిని విడగొట్టడం), గ్యాసును శుభ్రపరచడం, ఆరబెట్టడం, కంప్రెస్ చేయడం వరకే లెక్క. యూరప్ 3.4 కిలోల్లో హైడ్రోజన్‌ను అమ్మోనియాగా మార్చడం, ఓడ ఇంధనం, అక్కడ వాడేవాడికి చేర్చడం కూడా కలుస్తాయి. తూకం వేసే చోటే వేరైనప్పుడు తూకపు రాళ్లను పోల్చి లాభం లేదు.

అయినా 2 కిలోలు తేలికైన పరిమితేమీ కాదు. కిలో హైడ్రోజన్‌కు ప్లాంటు మొత్తం మీద 55 యూనిట్ల కరెంటు పడుతుందనుకుందాం. అందులో ఐదు శాతం, అంటే 2.75 యూనిట్లు, మామూలు గ్రిడ్ నుంచి వచ్చిందనుకుందాం. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.73 కిలో ఉద్గారాలు. గుణిస్తే 2 కిలోలు. పరిమితి అక్కడికక్కడే అయిపోయింది. మొత్తం కరెంటు గ్రిడ్‌దే అయితే 40 కిలోలు. సహజవాయువు నుంచి తీసేదానికంటే మూడు రెట్లకు పైనే. ఆడిటర్లు మిగతా కాగితాలకంటే కరెంటు మీటర్ల మీద ఎక్కువ కాలం గడిపేది అందుకే.

అసలు పేచీ గడియారం దగ్గర ఉంది: లెక్క ఎంతకాలానికోసారి చూడాలి? మన ప్రమాణం 12 నెలల సగటు చూస్తుంది. గ్రిడ్‌లో బ్యాంకింగ్ చేసిన (ముందు గ్రిడ్‌కిచ్చి తర్వాత తిరిగి తీసుకునే) సౌర, పవన విద్యుత్తునూ పునరుత్పాదక విద్యుత్తుగానే ఒప్పుకుంటుంది. కేంద్రం 2022 గ్రీన్ హైడ్రోజన్ విధానం ప్రకారం 30 రోజుల వరకు బ్యాంకింగ్ చేసుకోవచ్చు. బ్రిటన్ అరగంటకోసారి లెక్క చూస్తుంది. యూరప్‌లో 2029 చివరి వరకు నెలవారీ లెక్క, 2030 జనవరి 1 నుంచి గంటగంటకూ. నెలవారీ లెక్క ఉన్నంత కాలం మన బ్యాంకింగ్‌తో ఎలాగో నెట్టుకురావచ్చు. గంటల లెక్క మొదలయ్యాక మధ్యాహ్నం గ్రిడ్‌కిచ్చిన ఎండ కరెంటును రాత్రి తిరిగి తీసుకున్నామంటే చెల్లదు. దీనికితోడు యూరప్‌వి మరో రెండు షరతులు. సౌర, పవన ప్లాంటు కొత్తదై ఉండాలి: ఎలక్ట్రోలైజర్ (నీటిని విడగొట్టే యంత్రం) కంటే 36 నెలలకు మించి ముందు మొదలై ఉండకూడదు. రెండూ సాధారణంగా ఒకే బిడ్డింగ్ జోన్‌లో, అంటే కరెంటుకు ఒకే ధర నడిచే మార్కెట్ ప్రాంతంలో ఉండాలి. 2028కి ముందు నడక మొదలుపెట్టిన ఎలక్ట్రోలైజర్లకు కొత్తదనం షరతు నుంచి 2038 వరకు మినహాయింపు ఉంది. ప్రాజెక్టుల వాళ్లు తేదీల కోసం అంత హడావుడి పడటానికి ఇదొక కారణం.

ఈ చిక్కుముడిని విప్పే పని మళ్లీ ఐపీహెచ్‌ఈ చేతికే వచ్చింది. 2020లో కార్యబృందం వేసి, 2021 అక్టోబరులో తొలి లెక్కల పద్ధతిని, 2023 వేసవికల్లా మూడో కూర్పును విడుదల చేసింది. దాని పునాది మీదే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 2023 డిసెంబరులో దుబాయ్ కాప్-28 వాతావరణ సదస్సులో 19870 నంబరు సాంకేతిక నిర్దేశాన్ని బయటపెట్టింది. ఇందులో మెచ్చుకోవాల్సినది, కొరతగా కనిపించేది ఒకటే: అది లెక్క ఎలా వేయాలో చెబుతుంది, ఎంత వస్తే పాసో చెప్పదు. గీత గీసే హక్కును ఏ దేశమూ వదులుకోలేదు. అదే సదస్సులో 30కి పైగా దేశాలు ఒకరి సర్టిఫికెట్‌ను మరొకరు గుర్తించే దిశగా పనిచేస్తామని సంతకాలు చేశాయి. సంతకం పనిచేస్తామన్న మాటకే గానీ, గుర్తింపుకు కాదు.

ఆచరణలో యూరప్ గుర్తించేది దేశాలను కాదు, సర్టిఫికేషన్ సంస్థల పథకాలను. 2024 డిసెంబరులో సర్టిఫ్‌హై, ఐఎస్‌సీసీ, రెడ్‌సర్ట్ పథకాలకు ఆమోదం దక్కింది. మనవైపు 2025 ఏప్రిల్‌లో కేంద్రం సొంత గ్రీన్ హైడ్రోజన్ సర్టిఫికేషన్ పథకాన్ని తెచ్చింది. తనిఖీ సంస్థలకు గుర్తింపునిచ్చే బాధ్యత బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీది. అంటే ఎగుమతితోపాటు దేశంలోనూ అమ్మే ప్లాంటుకు రెండు లెక్కల పుస్తకాలు, రెండు ఆడిట్లు. ఒకే యూనిట్ కరెంటును రెండు చోట్లా చూపించి అమ్ముకోలేదని రుజువు చేసే భారం కూడా ఉత్పత్తిదారుదే.

కాకినాడలో ఇది ఇప్పటికే వాస్తవ సమస్య. పాత నాగార్జున ఫెర్టిలైజర్స్ స్థలంలో ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తలపెట్టిన ఏఎమ్ గ్రీన్ సంస్థ 2024లో సర్టిఫ్‌హై ముందస్తు ధ్రువీకరణ తెచ్చుకుంది. టన్ను అమ్మోనియాకు సుమారు 180 కిలోల హైడ్రోజన్ కావాలి, అమ్మోనియా ప్లాంటేమో రాత్రింబవళ్లు నడవాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలోని 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ఈ లెక్కలోకి వచ్చేది ఇక్కడే. పగటి ఎండతో నీటిని పైకెక్కించి రాత్రి కిందికి వదిలితే గంటల లెక్క కుదురుతుంది. కానీ యూరప్ నిబంధనలో మెలిక ఉంది. ఆ నిల్వ కొత్తదై, ఎలక్ట్రోలైజర్‌తో గానీ సౌర, పవన ప్లాంటుతో గానీ ఒకే గ్రిడ్ కనెక్షన్ పాయింటు వెనుక ఉండాలి; కరెంటు పుట్టిన గంటలోనే అందులోకి చేరాలి. వేరే సబ్‌స్టేషన్ మీదున్న నిల్వ పక్క ఊళ్లోనే ఉన్నా పనికిరాదు.

ఇక బిడ్డింగ్ జోన్ అనేది యూరప్ మార్కెట్ మాట. మన పవర్ ఎక్స్ఛేంజీలో బిడ్ ఏరియాలు ఉన్నాయి గానీ, లైన్లలో రద్దీ ఉన్నప్పుడే వాటి ధరలు విడిపోతాయి. రాజస్థాన్ ఎండతో తీరంలోని ఎలక్ట్రోలైజర్‌ను నడిపానంటే ఆడిటర్ ముందుగా అడిగేది ఈ సంగతే.

ముందస్తు ధ్రువీకరణలో చూసేది డిజైన్‌ను, ఒప్పందాలను, అంచనా అంకెలను మాత్రమే. అసలు సర్టిఫికెట్ ప్లాంటు నడిచాక, మీటరు రీడింగులు చేతికొచ్చాకే. అప్పటికి అమలులో ఉండే గడియారం నెలదా, గంటదా అన్నది ప్లాంటు మొదలైన తేదీని బట్టి మారదు. 2030 జనవరి 1 అందరికీ ఒకటే.