రోజ్ వాటర్ తెల్లగా వస్తే తప్పు మీది కాదు

"నీళ్లు తెల్లగానే దిగాయండీ, కేజీ పూలు వృథా అయ్యాయా?" ఇంట్లో రోజ్ వాటర్ కాచడం మొదలుపెట్టినవాళ్లు దిగులుగా అడిగే మొదటి ప్రశ్న ఇది. ఏమీ వృథా కాలేదు. రంగు లేకుండా దిగిందంటే సరిగ్గా చేసినట్టే. పెళ్లిలో గుమ్మం దగ్గర బుడ్డితో చల్లే పన్నీరు తెల్ల పంచెల మీద ఎప్పుడైనా మరక వేసిందా?

అపోహ: రంగు ఎంత చిక్కగా ఉంటే రోజ్ వాటర్ అంత అసలైనది

పూలతో పని చేసేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది ఈ నమ్మకమే. మిగతా తప్పుల్లో చాలావరకు దీని పిల్లలే.

గులాబీ రేకులో రంగు, వాసన రెండూ ఉంటాయి గానీ, బయటికి వచ్చే దారులు వేరు. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు నీళ్లలో కరుగుతాయి, ఆవిరితో లేవవు. వాసననిచ్చే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, సిట్రొనెలాల్, జెరానియాల్ ఆవిరితో పాటు లేచిపోతాయి. మూత లేకుండా అరగంట మరిగిస్తే ఇల్లంతా గుమగుమలాడుతుంది. ఇంట్లో అంత వాసన వస్తోందంటే అది గిన్నెలోంచి పోతోందని అర్థం. చివరికి మిగిలేది రంగు, వగరు, కాస్త ఆకుకూర వాసన ఉన్న కషాయం. దాన్ని సీసాలో పోసి రోజ్ వాటర్ అంటున్నాం.

అసలు రోజ్ వాటర్ అంటే ఆ ఆవిరిని పట్టి చల్లార్చిన నీరు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో అత్తరు తీసేవాళ్లు చేసేదీ అదే. 'డేగ్' అనే రాగి బానలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టితో అతికి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీళ్ల తొట్టిలో ఉన్న 'భప్కా' అనే పాత్రలోకి పంపుతారు, అక్కడ అది చల్లారి నీరవుతుంది. ఇంట్లో బాన అక్కర్లేదు, దారి మాత్రం అదే.

ఏడెనిమిది లీటర్ల వెడల్పాటి స్టీలు గిన్నె తీసుకోండి. ఇనుపది వద్దు, గులాబీలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. మధ్యలో స్టీలు స్టాండు పెట్టి, చుట్టూ 250 గ్రాముల రేకులు, ఒక లీటరు ఆర్‌ఓ నీళ్లు వేయండి. నీళ్లు స్టాండు ఎత్తు దాటకూడదు. స్టాండు మీద ఖాళీ గిన్నె పెట్టి, పై మూతను తిరగేసి మూయండి. మూత పిడి సరిగ్గా లోపలి గిన్నె మీదికి రావాలి, ఆవిరి నీరై కారేది అక్కడే. గాజు మూతకు ఆవిరి కన్నం ఉంటే చపాతీ పిండితో మూసేయండి, అంచు చుట్టూ కూడా దమ్ బిర్యానీకి పెట్టినట్టే పెట్టండి. తిరగేసిన మూతలో ఐసు వేసి సన్నని సెగ మీద ఉంచండి. ఐసు కరిగిన కొద్దీ గరిటెతో తోడేసి కొత్తది వేయాలి. సెగ పెంచితే రేకుల నీళ్లు ఎగిరి లోపలి గిన్నెలో పడతాయి. మీ రోజ్ వాటర్ గులాబీ రంగులో దిగిందంటే జరిగింది అదే.

40 నుంచి 50 నిమిషాల్లో 250 మిల్లీలీటర్లు దిగుతుంది. అక్కడ ఆపండి. మొదటి 100 మిల్లీలీటర్లలోనే ఘాటంతా ఉంటుంది. 300 దాటాక దిగేదాన్ని చెంచాతో రుచి చూడండి, ఉడికిన ఆకు రుచి తప్ప ఏమీ ఉండదు. ఆశకొద్దీ అదీ కలిపితే ముందు దిగింది కూడా పలచబడుతుంది.

గిన్నెలో మిగిలిన ఎర్రటి నీళ్లను పారబోయకండి. సిరప్‌కు రంగు అక్కడే ఉంది. 250 మిల్లీలీటర్లు వడకట్టి, 600 గ్రాముల పంచదార, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం వేసి కరిగేదాకా వేడిచేసి దించండి. ఇక్కడ మరిగిస్తూ కూర్చోనక్కర్లేదు. గోరువెచ్చగా అయ్యాక 50 మిల్లీలీటర్ల రోజ్ వాటర్ కలపండి. రంగు ఒక గిన్నెలోంచి, వాసన ఇంకో గిన్నెలోంచి వచ్చి సీసాలో కలుస్తాయి. నిమ్మరసం పడగానే మట్టి రంగులో ఉన్న కషాయం ఎర్రగా మెరుస్తుంది. పులుపు తగిలితే ఆంథోసయనిన్ ఎరుపెక్కుతుంది, క్షారం తగిలితే నీలంగా మారుతుంది. బోరు నీళ్లతో చేసిన సిరప్ బూడిద రంగుకు తిరిగేది అందుకే. పూలు కల్తీవి కావు.

ఇక ఈ రంగు పిచ్చి చేయించే అసలు ప్రమాదం పూలు కొనేచోట ఉంది. ముదురు ఎరుపు కావాలని బొకేలకు వాడే డచ్ గులాబీలు కొంటారు. వాటిని పెంచేది చూడ్డానికి, వారం వాడిపోకుండా ఉండటానికి. చాలా రకాల్లో వాసన దాదాపు ఉండదు. మందులూ తినే పంటకు కొట్టినట్టు లెక్కచూసి కొట్టరు. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలన్న నియమం కూరగాయలకు ఉంటుంది, బొకే పూలకు ఎవరు చూస్తారు? ఇక్కడ ఇంకో మాట వినిపిస్తుంది: "ఉప్పు నీళ్లలో నానబెడితే పోతుంది". పైన అంటుకున్నది కొంత పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క రసంలోకి ఎక్కి రేకు లోపలే ఉంటాయి, ఏ ఉప్పూ వాటిని లాగలేదు. ఆవిరి పడితే శుద్ధి అయిపోతుందన్నదీ నమ్మదగ్గ మాట కాదు, కొన్ని మందులు ఆవిరితో పాటే లేస్తాయి.

కావలసింది లేత గులాబీ రంగులో, రేకులు వదులుగా, చూడ్డానికి నీరసంగా ఉండే నాటు గులాబీ. పన్నీరు గులాబీ అని అడిగినా ఇస్తారు. హైదరాబాద్ గుడిమల్కాపూర్ లాంటి పూల మార్కెట్‌లో కొన్నా, పెంచినవాళ్లెవరో తెలియకపోతే అది పూజకే. కడియం నర్సరీల్లో మొక్క దొరుకుతుంది. తెచ్చుకున్నాక మూడు నెలలు ఏ మందూ కొట్టకుండా పెంచి, ఆ తర్వాత పూసిన పూలు వాడండి. 250 గ్రాముల రేకులకు వంద పైనే పూలు కావాలి, కుండీలో ఒక్క మొక్క చాలదు. ఎండెక్కక ముందే కోయాలి, పొద్దెక్కే కొద్దీ వాసన ఎగిరిపోతుంది. రేకు మొదలు దగ్గర తెల్లగా ఉండే ముక్క చేదు, గిల్లేయండి.

బొకే పూలతో చేసింది ఇప్పటికే పిల్లలు తాగేశారని కంగారుపడేవాళ్లకు: ఒకటి రెండు గ్లాసులకు బెంబేలెత్తనక్కర్లేదు. మిగిలింది పారబోయండి, మళ్లీ ఆ పూలతో చేయకండి. వాంతులు, తల తిరగడం లాంటివి కనిపిస్తే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏం తాగారో చెప్పండి.

అపోహ: పంచదార పడింది కాబట్టి సిరప్ చెడిపోదు

ఎంత పడిందన్నది లెక్క. 100 గ్రాముల సిరప్‌లో 65 గ్రాములు పంచదార ఉంటే బూజుకు నీళ్లు అందవు. షర్బత్ సిరప్‌లకు కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన కనీస హద్దు కూడా అదే. "కప్పుకి కప్పు" అని వీడియోలో విని చేస్తే మీ దగ్గర ఉన్నది 45 శాతమే. కప్పు పంచదార సుమారు 200 గ్రాములు, కప్పు నీళ్లు 240. రెండు కప్పుల పంచదారకు ఒక కప్పు నీళ్లు పోసినా 62 దగ్గరే ఆగుతుంది. అందుకే కప్పులు పక్కనపెట్టి త్రాసు తీయండి. బరువులో రెండు వంతులు పంచదార, ఒక వంతు నీళ్లు. అంతకన్నా ఎక్కువైతే ఫ్రిజ్‌లో అడుగున పలుకు కడుతుంది. నిమ్మరసం దాన్ని కొంతవరకు ఆపుతుంది, జామూన్ పాకంలో పిండేది అందుకే కదా.

కొలత కుదిరినా బూజు పట్టిందంటే సీసా మెడ చూడండి. వేడి సిరప్ సగం దాకా పోసి మూత బిగిస్తే ఆవిరి మూతకు పట్టి, చుక్కలై సిరప్ మీద పడుతుంది. పైన పంచదార తగ్గిన సన్నని పొర ఏర్పడుతుంది. బూజు మొదలయ్యేది ఆ పొర మీదే, కింద సిరప్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పైపైన తీసేసి వాడదామంటారు, వద్దు. సీసాను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి, పూర్తిగా చల్లారిన సిరప్‌ను మెడ దాకా పోయండి. ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు ఉంటుంది. కప్పుకి కప్పు సిరప్ అయితే రెండు వారాల్లో తాగేయండి.

స్టీవియాతో చేసిన "డయాబెటిక్ సిరప్" అసలు సిరప్ కాదు, తియ్యటి నీళ్లు. మూడు నాలుగు రోజులే. బెల్లం తప్పేమీ కాదు గానీ గులాబీ వాసనను మింగేస్తుంది.

రోజ్ వాటర్‌లో పంచదార లేదు, పులుపూ లేదు. మరిగించిన సీసాలో, ఫ్రిజ్‌లో నెల రోజులు. నూలు పోగుల్లా ఏమైనా తేలినా, మసకబారినా పారబోయాల్సిందే. కషాయమైతే మూడు రోజులు.

అపోహ: కుక్కర్‌తో త్వరగా అయిపోతుంది

విజిల్ తీసేసి గొట్టానికి పైపు తొడిగే పద్ధతి. ఉబ్బిన రేకు ఒక్కటి పైకి తేలి ఆ గొట్టానికి అడ్డం పడితే ఏమవుతుందో కుక్కర్ వాడే ఎవరికైనా తెలుసు. మామూలు ప్లాస్టిక్ పైపు అయితే వేడి ఆవిరికి దాని వాసన కూడా దిగుతుంది. గిన్నె, మూత, ఐసు చాలు.

అపోహ: ముఖానికి రాసుకునేదే బిర్యానీలోనూ వేయొచ్చు

వేయొద్దు. అందులో ప్రిజర్వేటివ్‌లు, గ్లిజరిన్, నూనెను నీళ్లలో కలిపే రసాయనాలు ఉండొచ్చు. తినేదైతే లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉంటుంది. అత్తరు అసలే వద్దు, దాని ఆధారం గంధపు నూనె, చవకరకంలో లిక్విడ్ పారాఫిన్. ఎసెన్స్ చుక్కల లెక్క, రోజ్ వాటర్ చెంచాల లెక్క. కేజీ బియ్యం బిర్యానీకి ఇంటి రోజ్ వాటర్ రెండు టేబుల్ స్పూన్లు, దమ్ముకు మూత పెట్టే ముందు. ఉడికే ఎసట్లో పోస్తే వంటింటికి పోసినట్టే.

అపోహ: ఏ పూవైనా గులాబీలాగే చేయొచ్చు

మల్లెను మరిగిస్తే గడ్డి వాసన వస్తుంది. కోశాక కూడా మల్లెపూవు రాత్రంతా వాసన విడుస్తూనే ఉంటుంది, దాన్నే వాడుకోవాలి. చల్లారిన సిరప్ మీద సాయంత్రం విచ్చబోయే మొగ్గలు పరిచి మూతపెట్టి, తెల్లారి తీసేయండి. రెండు మూడు రాత్రులు కొత్త మొగ్గలతో ఇలాగే చేయాలి. శంఖపుష్పానికి రంగే తప్ప వాసన లేదు. మొగలి నీరు ఇంట్లో కష్టం, శ్రీకాకుళాన్ని ఆనుకుని ఉన్న గంజాం జిల్లాలో దాన్ని బట్టీల మీద తీస్తారు, అక్కడిది కొనుక్కోవడమే నయం.

గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషం. చూడ్డానికి మల్లెలా ఉందని నందివర్ధనం కూడా కలపకండి. పూవు పేరు ఖాయంగా తెలియకపోతే గిన్నెలో వేయొద్దు. పిల్లలు గన్నేరు నమిలారని అనుమానం వచ్చినా చిట్కాలు వెతక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: పాలు విరిగాయంటే సిరప్ కల్తీ

పులుపు ఎక్కువైంది, అంతే. ఎర్ర గోంగూర కాయల రేకులతో చేసిన సిరప్ ఏ పాలనైనా విరగ్గొడుతుంది, దాన్ని సోడాలో తాగండి. రోజ్ మిల్క్ కోసమైతే సిరప్‌లో నిమ్మరసం సగానికి తగ్గించి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలలో కలపాలి.

రాజమండ్రిలో రోజ్ మిల్క్ తాగి వచ్చినవాళ్లు ఇంట్లోనూ అదే రంగు కావాలంటారు. గులాబీ రేకుల రంగు పాలలో నిలవదు, పాలలో పులుపు లేదు కాబట్టి మాసిన ఊదాకు తిరుగుతుంది. పాలు తెల్లగా ఉన్నా గులాబీ వాసన ఎక్కడికీ పోదు. పిల్లలు ఒప్పుకోకపోతే పచ్చి బీట్‌రూట్ రసం లీటరు పాలకు ఒక టీస్పూన్ వేయండి, ఆ రంగు పాలలో మారదు. వేడి పాలలో మాత్రం వేయకండి, వెలిసిపోతుంది.