తేమ మీటరు చెప్పే ధర

నవంబరులో వరంగల్ ప్రాంతంలోని పరకాల, వర్ధన్నపేట దారుల వెంట పత్తి ట్రాలీలు, గింజ తీసే జిన్నింగ్ మిల్లుల గేట్ల ముందు బారులు తీరతాయి. మద్దతు ధర కోసం వచ్చినవారు భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, 2025లో తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాటు తీసుకొని ఉండాలి. వ్యవసాయంలో డిజిటల్ మార్పు అనగానే మనకు డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు గుర్తొస్తాయి గానీ, ఆ గేటు దగ్గర రైతు రాబడిని తేల్చేది చేతిలో ఇమిడే తేమ మీటరు.

ఆ మీటరు నీటిని నేరుగా కొలవదు. ఎండిన పత్తి పోగు విద్యుత్తును దాదాపు పోనివ్వదు. అందులో నీరు చేరేకొద్దీ కరెంటుకు దారి ఏర్పడుతుంది. తేమ 8 నుంచి 9 శాతానికి పెరిగితే చాలు, పత్తి విద్యుత్ నిరోధం బాగా పడిపోతుంది. మీటరు ఆ నిరోధాన్ని కొలిచి, ముందుగా తనలో నింపిన పట్టిక ప్రకారం శాతంగా మార్చి తెర మీద చూపుతుంది. అయితే పత్తిని గట్టిగా అదిమితే పోగులు దగ్గరై నిరోధం తగ్గుతుంది, తేమ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పత్తి వేడెక్కి ఉన్నా అదే జరుగుతుంది. ట్రాలీ పైపొరలోనూ అడుగునా అంకె ఒక్కటిగా ఉండదు కాబట్టి, నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయడమే సరైన పద్ధతి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2025–26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటాక ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు, కోత పడుతుంది. 12 శాతం దగ్గర చేతికి వచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. చూడటానికి ఇది జరిమానాలా అనిపిస్తుంది. కానీ అదే క్వింటాను 8 శాతం వరకు ఆరబెడితే నీరు పోయి మిగిలేది 95.65 కిలోలే, దానికి పూర్తి ధర కట్టినా వచ్చేది సుమారు 7,757 రూపాయలు. అంటే 8, 12 శాతాల మధ్య కోత దాదాపు న్యాయమైనదే. అక్కడ ఆరబెట్టిన శ్రమకు అదనంగా దక్కేదేమీ లేదు. అసలు అగాధం 12 దాటాక ఉంది. 13 శాతం ఉన్న పత్తిని 12కు దించడానికి పోయేది క్వింటాకు కిలో చిల్లర నీరు మాత్రమే, కానీ ఆ ఒక్క శాతంతో సీసీఐ గేటు మూసుకుపోయి, రైతు ప్రైవేటు ఖరీదుదారు చెప్పిన ధరకు తలవంచవలసి వస్తుంది. మీటరులో అరశాతం తేడా 9 దగ్గర నలభై రూపాయల విషయం, 12 దగ్గర మొత్తం అమ్మకమే తారుమారయ్యే విషయం.

యాప్‌కూ వాతావరణానికీ పొత్తు కుదరని చోటు కూడా ఇదే. పత్తి గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. మంచు ఆరకముందే ఏరిన పత్తిలోనూ, ముసురు పట్టిన రెండు రోజులు ఇంట్లో కుప్పగా పడి ఉన్న పత్తిలోనూ తేమ పెరుగుతుంది. స్లాటు తారీఖును యాప్ ముందే ఖాయం చేస్తుంది, ఆనాటి తేమను మాత్రం ఆకాశం ఖాయం చేస్తుంది. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వరంగల్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు ఈ రెండింటి మధ్య నలిగింది రైతే. ఇక పట్టా ఒకరి పేరున, సాగు మరొకరిదిగా ఉన్న కౌలు రైతుకు తేమ కంటే ముందు నమోదే ఒక అడ్డంకి.

గేటు దాటాక కథ వేగంగా సాగుతుంది. పత్తి నుంచి గింజ వేరుచేస్తే బరువులో మూడో వంతు దూది మిగులుతుంది, కాబట్టి 170 కిలోల ఒక్క బేలుకు, అంటే అదిమి కట్టిన దూది మూటకు, సుమారు అయిదు క్వింటాళ్ల పత్తి కావాలి. సీసీఐ బేళ్లకు ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉంది, దాంతో ఎక్కడి స్పిన్నింగ్ మిల్లు అయినా ఆ దూది పుట్టుపూర్వోత్తరాలు చూసుకోవచ్చు. అయితే మిల్లు ఆవరణలో ఎందరో రైతుల పత్తి ఒకే కుప్పలో కలిసిపోతుంది. ఎండకు రెండు రోజులు తిరగేసి ఆరబెట్టిన రైతు పత్తీ, తడిసిందే తెచ్చిన రైతు పత్తీ అక్కడే ఒకటవుతాయి. బేలు జాడ ఆ కుప్ప దాకా వచ్చి ఆగిపోతుంది.