వేప ఎప్పుడు పూసిందో తేదీతో సహా రాయండి

"ఈసారి ఉగాదికి వేపపువ్వు సరిగ్గా దొరకలేదు, వాతావరణం మొత్తం మారిపోయింది" అనే మాట హైదరాబాద్‌లో రెండు మూడేళ్లకోసారి ఎవరో ఒకరి నోట వింటూనే ఉంటాం. వాతావరణం మారుతున్న మాట నిజమే. కానీ దానికి ఉగాదిని సాక్ష్యంగా తేలేం, ఎందుకంటే ఉగాదే కదులుతుంది. 2024లో ఏప్రిల్ 9న వచ్చిన పండగ 2026లో మార్చి 19నే వచ్చేసింది, అంటే మూడు వారాల తేడా. వేపకు తిథులతో పని లేదు కదా!

అందుకే చెట్టు లెక్క క్యాలెండర్ తేదీల్లో ఉండాలి, అదీ ఒకే చెట్టుది, ఏళ్ల తరబడి. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూతల గురించి తొమ్మిదో శతాబ్దం నుంచీ రాతలున్నాయి కాబట్టే, 2021లో మార్చి 26కే చెట్లు విరగబూసినప్పుడు పన్నెండు వందల ఏళ్లలో ఇంత ముందు ఎన్నడూ లేదని చెప్పగలిగారు. మనకు అలాంటి దఫ్తరం లేదు. దాన్ని ఇప్పుడు బడిపిల్లలు రాస్తున్నారు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ నడిపే చెట్ల పరిశీలన కార్యక్రమం సీజన్‌వాచ్‌లో దేశంలో ఎవరైనా చేరొచ్చు, కేరళ బడులైతే పెద్ద సంఖ్యలో చేరాయి. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి దాని కిందకెళ్లి తలెత్తి చూడాలి. లేతాకులు, ముదురాకులు, పండుటాకులు, మొగ్గలు, పూలు, కాయలు, పండ్లు, ఇవన్నీ లేవా, కొన్నే ఉన్నాయా, బాగా ఉన్నాయా అని రాయాలి, అంతే.

"పూలు లేవు" అని రాసిన వారం వృథా అయిందని పిల్లలు డీలా పడతారు. నిజానికి అసలు విలువ దానిదే. పోయిన వారం లేవు, ఈ వారం ఉన్నాయి అని రెండూ పుస్తకంలో ఉంటేనే పూత ఎప్పుడు మొదలైందో తేలుతుంది.

మన వీధుల్లో కానుగను చూడండి. ఎండలు ముదిరే వేళకు, తెల్లమచ్చలు పడ్డ పాత ఆకులన్నీ రాల్చేసి, చుక్క వాన లేకుండానే నిగనిగలాడే లేతాకు వేస్తుంది. ఇలాంటి చెట్లు ఆకు రాల్చగానే వాటి నుంచి ఆవిరైపోయే నీళ్లు తగ్గుతాయి, లోతు వేళ్లు తోడిన నీటితో కాండం మళ్లీ నిండుతుంది, అప్పుడు చిగురు విచ్చుకుంటుంది. కొన్ని చెట్లు పగలు పెరగడాన్ని కూడా పసిగడతాయి, హైదరాబాద్‌లో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలే అయినా సరే. మామిడి పూతకేమో చల్లటి రాత్రులు కావాలి. పగటి పొడవు ఏటా ఒకేలా ఉంటుంది, మారేవి చలీ, ఎండా, వానే. కాబట్టి ఏ చెట్టు తేదీ ముందుకో వెనక్కో జరిగింది, ఏది కదలలేదు అన్నది చూస్తే, ఏ చెట్టు దేన్ని నమ్ముకుని బతుకుతోందో కూడా తెలుస్తుంది.

నగరంలో ఇంకో చిక్కుంది. అమీర్‌పేటలో తారురోడ్డు వేడి మధ్య నిలబడ్డ వేప, కేబీఆర్ పార్కులో వేప ఒకేలా ఉండవు, అపార్ట్‌మెంట్ లాన్ పక్కన రోజూ పైపు నీళ్లు తాగే చెట్టు లెక్క వేరే. అందుకే ఒకే జాతి చెట్లను వేర్వేరు చోట్ల చూడాలి, చుట్టూ ఏముందో కూడా రాయాలి.

పదో తరగతి అయ్యాక పిల్లలు వెళ్లిపోతారు, వెళ్లేముందు చెట్టునీ పుస్తకాన్నీ ఎనిమిదో తరగతి వాళ్లకు అప్పగించాలి. రోడ్డు వెడల్పులో చెట్టు కొట్టేస్తే ఆ తేదీ కూడా రాసి లెక్క అక్కడితో ముగించాలి, పక్క చెట్టును దాని పేరు మీద కొనసాగించొద్దు.