జాకీ లేపుతుంది, మోయదు

చిన్నోడికీ, పాపకూ తాత ఆశీస్సులు.

"జాకీ మీదే కారు నిలబడింది కదా తాతా, మళ్లీ ఆ ఇనుప స్టాండు దేనికి?" అని చిన్నోడు ఫోన్‌లో అడిగాడు. మంచి ప్రశ్న. ఇంట్లో చక్రం మార్చే పెద్దవాళ్లలోనే చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. అందుకే నింపాదిగా రాస్తున్నా. మీ నాయనకు కూడా చదివి వినిపించండి.

మా చిన్నతనంలో ఇక్కడ ఇంటింటికీ ఎద్దులబండి ఉండేది. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కందెన చేసేవాళ్లు. అది ఇరుసుకు పూయాలంటే చక్రం బయటికి లాగాలి. ఎద్దులను విప్పేసి, రెండో చక్రానికి అటూ ఇటూ రాళ్లు పెట్టేవాళ్లు. ఇద్దరు మనుషులు బండిని భుజంతో లేపితే, మూడో మనిషి ఇరుసు కింద మొద్దు దూర్చేవాడు. శీల పీకేది ఆ తర్వాతే. లేపిన మనిషి భుజం మీద బరువు ఉంచి కందెన పూయడం ఎవరూ చేయలేదు. భుజం పని లేపడం, మొద్దు పని మోయడం. కారుకు జాకీ భుజం, స్టాండు మొద్దు.

భుజం అలిసిపోతుంది, జాకీకి ఏమవుతుంది అంటారా? బాటిల్ జాకీ, ట్రాలీ జాకీ నూనె ఒత్తిడితో పనిచేస్తాయి. లోపల రబ్బరు సీలు అరిగితే నూనె మెల్లగా వెనక్కి జారి, కారు కూడా దిగుతుంది. ఒక్కోసారి మెల్లగా కాదు, ఒక్కసారిగానే దిగుతుంది. కారుతో పాటు ఇచ్చే కత్తెర జాకీలో నూనె ఉండదు, మర ఉంటుంది. అది దానంతట అది దిగదు గానీ, అడుగు సన్నం. కారు ముందుకో వెనక్కో నాలుగు వేళ్లు కదిలితే జాకీ పక్కకు వాలిపోతుంది. ఎంత ఎత్తు లేపితే అంత తేలిగ్గా వాలుతుంది.

కాబట్టి మొదటి పని కారు కదలకుండా చూడటం. హ్యాండ్ బ్రేక్ వేస్తారు, గేరులో పెడతారు, చాలనుకుంటారు. చాలదు. హ్యాండ్ బ్రేక్ చాలా కార్లలో వెనక చక్రాలనే పడుతుంది. వెనక చక్రం ఒకటి లేపితే పట్టు సగం పోయినట్టే. ఇంక గేరు సంగతి. ముందు చక్రాలతో నడిచే కారులో ముందు చక్రం ఒకటి గాలిలోకి లేస్తే, రెండు చక్రాలకూ ఇంజను బలాన్ని పంచే డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల అమరిక వల్ల అది ఒక వైపు తిరుగుతుంటే నేల మీదిది ఇంకో వైపు తిరగగలదు. గేరు ఉన్నా లేనట్టే. అందుకే బండికి పెట్టినట్టే రాళ్లు పెట్టాలి. లేపే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి, ముందొకటి వెనకొకటి. గుండ్రటి రాయి దొర్లుతుంది. పలకగా ఉన్న రాయి గానీ, వాలుగా కోసిన చెక్క గానీ టైరుకు ఆనించి గట్టిగా నెట్టండి.

ఇంక నేల. మన వైపు వాకిళ్లలో కడప బండలు పరుస్తారు. చూడటానికి ఇనుములా ఉంటాయి గానీ, కింద ఇసుక జారి బోలుగా ఉంటే జాకీ అడుగు పడ్డచోట టప్పున పగులుతాయి. ముందు సుత్తి పిడితో తట్టి వినండి. బోలు శబ్దం వస్తే అక్కడ వద్దు. పాలిష్ బండ మీద జాకీ ఇనుప అడుగు జారుతుంది కూడా. నల్లరేగడిలో అయితే దిగబడుతుంది. మే నెల మధ్యాహ్నం తారు కూడా మెత్తబడుతుంది, అందుకే ఈ పని పొద్దున్నే పెట్టుకోవడం మేలు. ఎక్కడైనా సరే ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క పలక వేసి దాని మీద జాకీ పెట్టాలి. ఎత్తు చాలలేదని ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చవద్దు. చెక్క విరిగే ముందు కిర్రుమంటుంది. ఇటుక ఏమీ చెప్పకుండా పొడిపొడి అయిపోతుంది.

కారు నేల మీద ఉన్నప్పుడే వీల్ నట్లను అర చుట్టు వదులు చేయాలి, పూర్తిగా ఊడదీయకూడదు. గాలిలో ఉన్నప్పుడు స్పానర్ మీద బలం వేస్తే చక్రం తిరుగుతుంది, జాకీ మీద కారు ఊగుతుంది. తర్వాత డోర్ల కింద అంచు చూడండి. ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు, ఆ అంచులో రెండు చిన్న గంట్లు ఉంటాయి. ఆ గంట్ల మధ్య రేకు మందంగా ఉంటుంది, జాకీ తలలోని గాడి అక్కడే కూర్చోవాలి. వేరేచోట పెడితే రేకు మడతపడి జాకీ లోపలికి దూసుకుపోతుంది. బొలెరో లాంటి, అడుగున ఇనుప చట్రం (చాసిస్) వేరుగా ఉండే బండ్లకు చోటు వేరు, దాంతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది.

లేపడం మొదలుపెట్టాక చాలాసేపు చక్రం కదలదు. ఎద్దులబండికి స్ప్రింగులు లేవు, కారుకు ఉన్నాయి. ముందు ఒళ్లు లేస్తుంది, స్ప్రింగులు సాగడం అయ్యాకే చక్రం నేల వదులుతుంది. కారులో ఒక్కరు కూడా కూర్చోకూడదు. టైరు నేలకు రెండు వేళ్లు పైకి వచ్చాక ఆపాలి. పంచరైన టైరు తీసి గాలి నిండిన స్టెప్నీ పెట్టాలంటే ఇంకో రెండు వేళ్లు కావాలి, అది కూడా ఇప్పుడే లేపుకోండి.

అప్పుడు స్టాండు. జాకీ పక్కనే, ఆ గట్టి అంచు కిందే, పుస్తకంలో చూపినచోట పెట్టి, పిన్ను చివరిదాకా దూర్చి, జాకీని కొంచెం దించితే బరువు స్టాండు మీదికి వస్తుంది. జాకీని తీసేయవద్దు, ఊరికే ఆనించి ఉంచండి. స్టెప్నీని డోరు కింద పడుకోబెట్టండి. అన్నీ తప్పినా కారుకూ నేలకూ మధ్య అంత సందు మిగులుతుంది. చక్రం మార్చడానికి కారు కిందికి దూరే అవసరమే లేదు. నట్టు దొర్లిపోతే కట్టెతో లాగండి, చెయ్యి పెట్టవద్దు. ఈ ఒక్క మాట కోసమే ఇంత ఉత్తరం రాశానన్నా తప్పులేదు పిల్లలూ.

కొత్త చక్రం పెట్టాక నట్టు వాలు ముఖం లోపలి వైపుకు ఉండాలి. ముందు చేత్తో తిప్పి, తర్వాత స్పానర్‌తో ఎదురెదురుగా బిగించాలి. వరసగా బిగిస్తే చక్రం ఓరగా కూర్చుంటుంది. బోల్టు మరకు నూనె రాయవద్దు. ఇంక జాకీతో కాస్త లేపి స్టాండు తీసి, కారు దించి, చివరి బిగింపు నేల మీదే. చిన్న కార్లకు ఇది ఇంచుమించు 100 న్యూటన్ మీటర్లు. స్పానర్ పిడి 25 సెంటీమీటర్లు ఉంటే దాని చివర 40 కిలోల బరువు వేలాడినంత బలం. పిడి మీద ఎక్కి తొక్కితే మర తెగుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ బిగించి చూడాలి. స్టెప్నీలో గాలి నెలకోసారి చూడమని మీ నాయనకు చెప్పండి.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. చిన్నోడు రెండు చేతులతో తిప్పినా సుమారు 900 కిలోల కారు ఒక మూల లేస్తుంది, అది నాకు ఇప్పటికీ వింతే. డిక్కీలోంచి కత్తెర జాకీ తీసి, దాని మీద ఏమీ లేకుండా, నేల మీద పెట్టండి. పూర్తిగా దించి పది చుట్లు తిప్పి, ఎంత లేచిందో స్కేలుతో కొలవండి. బాగా పైకి లేచాక ఇంకో పది చుట్లు తిప్పి మళ్లీ కొలవండి. రెండు కొలతలూ ఒకటి కావు. ఏది ఎక్కువో, ఎందుకో మీరే ఆలోచించి నాకు రాయండి.

మీ తాత,
అనంతపురం