తగిరిస మొక్క వెనక ఉన్న రసాయనం

వానలు పడిన కొన్ని వారాలకు వరంగల్ నుంచి ములుగు వెళ్లే దారి పక్కన తగిరిస గుబురుగా మొలుస్తుంది. నాట్లు సాగేదీ ఆ రోజుల్లోనే. తడిసిన బట్టలతో పొద్దంతా పొలంలో ఉండేవారికి గజ్జల్లో, నడుము చుట్టూ ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి తామర లేస్తుంది. తగిరిస గింజలు నిమ్మరసంతో నూరి పట్టు వేయడం పాత వైద్యం. సంస్కృత నిఘంటువులు ఈ మొక్కకు పెట్టిన పేరే ‘దద్రుఘ్న’, అంటే తామరను చంపేది.

ఈ నమ్మకానికి ఆధారం అనుకోని దారిలో దొరికింది. 19వ శతాబ్దంలో గోవా, బొంబాయి ప్రాంతాల్లో తామరకు ‘గోవా పొడి’ అనే పసుపు పొడి వాడేవారు. అది బ్రెజిల్‌లోని అరరోబా చెట్టు నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చింది. అందులోని క్రైసరోబిన్‌ను ఐరోపా వైద్యులు తామరకు, సోరియాసిస్‌కు లేపనంగా రాశారు. 1975లో ఆచార్య, చటర్జీ అనే పరిశోధకులు తగిరిసలో ఫంగస్‌ను అణచే ప్రధాన పదార్థాన్ని వేరుచేశారు. అది క్రైసోఫానిక్ ఆమ్లపు ఆంత్రోన్ అనే రసాయనం. క్రైసరోబిన్ అన్నా రసాయనికంగా ఆ పదార్థమే. ఓడల్లో తెచ్చుకున్న మందు మన చేను గట్ల మీదే పెరుగుతోందన్నమాట. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

మరి ఆ లేపనం ఎందుకు కనుమరుగైంది? అది చర్మాన్ని మండించేది, బట్టలకు వదలని మరకలు పెట్టేది, కంట్లో పడితే ప్రమాదం. ఈలోగా పెనిసిలియం బూజు నుంచి 1939లో గ్రిసియోఫుల్విన్ అనే మందు దొరికింది. నోటి ద్వారా ఇచ్చినా అది తామరను తగ్గిస్తుందని 1958లో తేలాక పూత మందుల వైపు చూసేవారు తగ్గారు.

వేప కథ వేరు. వేపనూనెతో ఫంగస్‌ను అరికట్టే పద్ధతిపై 1994లో ఐరోపాలో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. అది మనకు గర్వకారణమే. అయితే ఆ పేటెంటు పంటల తెగుళ్ల గురించినది. మనిషి ఒంటి మీది తామరను వేప నయం చేస్తుందని ఆ తీర్పు చెప్పలేదు.

గాజు పళ్లెంలో ఫంగస్ చావడం, మనిషికి నయం కావడం ఒకటి కావు. ఆస్ట్రేలియా టీ ట్రీ నూనెనే చూడండి. 1992 నాటి పరీక్షలో 10 శాతం క్రీము పాదాల తామరలో ఫంగస్‌ను తొలగించడంలో ఉత్తుత్తి మందును మించలేదు. 2002లో 25, 50 శాతం ద్రావణాలు వాడినప్పుడు 64 శాతం మందిలో ఫంగస్ పోయింది, ఉత్తుత్తి మందు వాడినవారిలో 31 శాతం. కొందరికి చర్మం రేగి వాడకం ఆపాల్సి వచ్చింది. అంటే మోతాదే కీలకం. ఇంట్లో నూరిన పసరులో మోతాదు ఎవరు కొలుస్తారు?

ఇప్పుడు ఈ ప్రశ్నకు తొందర పెరిగింది. స్టెరాయిడ్ కలిసిన పూతలతో తామర మొండికేస్తోంది. 2020లో ‘ట్రైకోఫైటన్ ఇండోటినియే’ అని పేరు పెట్టిన ఫంగస్‌లో చాలా రకాలు తామరకు వాడే టెర్బినాఫిన్ అనే మందుకు లొంగడం లేదు. కొత్త మందు కావాలి. ఫార్మసీ విభాగమున్న కాకతీయ విశ్వవిద్యాలయం, కాకతీయ వైద్య కళాశాల ఒకే నగరంలో ఉన్నాయి. తగిరిసను సరైన మోతాదులో, పోలిక మందు పెట్టి, రోగులపై పరీక్షించే పని వరంగల్‌లోనే జరగాలని నా కోరిక. అంతవరకు పసరు పట్టువేసిన చోట మంట పుడితే వెంటనే కడిగేసి చర్మ వైద్యుల వద్దకు వెళ్లండి.